నడినెత్తిన ఆకాశం

క్షయ రోగిని ఏ వేళ ఎండలో పడుకోబెట్టాలి? ఎంతసేపు? స్ట్రెప్టోమైసిన్ రాకముందు స్విట్జర్లాండ్ కొండల్లో వేలమంది ప్రాణాలు ఈ ప్రశ్న చుట్టూ తిరిగాయి. మందు లేదు. గాలి, పాలు, విశ్రాంతి, ఎండ, ఇంతే వైద్యం. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతుకుతూ ఇద్దరు మనుషులు, ఒకరు రోగి తండ్రి, మరొకరు స్వయంగా రోగి, పక్కపక్క లోయల్లో కూర్చుని ఆకాశాన్ని గంటగంటకూ కొలిచారు. ఓజోన్ పొర మన తల మీద ఎంత ఎత్తున ఉందో మనిషికి తెలియడానికి దారి వేసినవి ఆ కొలతలే. ఓజోన్ కథను ఉపగ్రహాల దగ్గర మొదలుపెట్టి చెప్పడం చాలాచోట్ల విన్నాను. మొదలు అక్కడ కాదు. దావోస్, ఆరోసా ఊళ్ల శానిటోరియం వరండాల్లో.

నేను వాతావరణ శాఖలో పరిశీలకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది మదనపల్లె పక్కన పల్లె. మా పెద్ద మేనత్త చిన్నవయసులో ఆరోగ్యవరం శానిటోరియంలో ఉండి బతికి బయటపడింది. మంచాలు వరండాలోకి లాగేవాళ్లని, పొద్దున ఎండ కాళ్ల మీద పడేదాకా కదలనిచ్చేవాళ్లు కాదని చెప్పేది. ఆ ఆసుపత్రిని నిలబెట్టిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. వెలుతురుతో చర్మక్షయను నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్న నీల్స్ ఫిన్సెన్‌దీ డెన్మార్కే. ఆ కాలపు వైద్యుల్లో వెలుతురు మీద ఎంత నమ్మకం ఉండేదో మా మేనత్త మాటల్లోంచే నాకు మొదట అర్థమైంది. అయితే ఆ వెలుతురులో పనిచేసేది ఏది, అది ఏ గంటకు ఎంత వస్తుంది, ఆకాశంలో ఏ వైపునుంచి వస్తుంది అన్నవి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియవు.

కంటికి కనబడని ఆ వెలుతురు ఉందని 1801లోనే తేలింది. జర్మనీలోని యేనాలో ఇరవైనాలుగేళ్ల యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్, సిల్వర్ క్లోరైడ్ పూసిన కాగితాన్ని పట్టకం నుంచి వచ్చిన రంగుల పట్టీ కింద పెట్టాడు. ఊదారంగు అంచు దాటి, ఏమీ కనబడని చోట కాగితం అన్నిటికన్నా తొందరగా నల్లబడింది. అప్పట్లో వీటిని రసాయన కిరణాలన్నారు. మనం అతినీలలోహితమంటున్నాం.

రోజులో ఇది ఎలా పెరిగి తరుగుతుందో ఓపిగ్గా కొలవడం మాత్రం 1850ల నుంచే. హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లిష్ యువకుడు హెన్రీ రాస్కో ఆ పనికి పూనుకున్నారు. రాస్కో తర్వాత మాంచెస్టర్ వెళ్లి, వెండి లవణం పూసిన కాగితపు పట్టీలను వేళవేళకూ ఆకాశానికి చూపించి, ఎంత నల్లబడ్డాయో ఒక కొలబద్దతో పోల్చే పద్ధతి ఏర్పరిచాడు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ థార్ప్ 1866లో బ్రెజిల్‌లోని పారా రేవులో వానాకాలంలో ఈ కాగితాలు పట్టుకు నిలబడ్డాడు. మరుసటి ఏడు పోర్చుగల్‌లో మబ్బులేని ఆకాశం కింద. వాళ్లకు రెండు సంగతులు తేలాయి. ఈ వెలుతురు సరిగ్గా సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉన్నప్పుడే ఎక్కువ. వేడిమిలాగా మధ్యాహ్నం దాటాక పెరగదు. రెండోది, పొద్దు కిందుగా ఉన్నప్పుడు ఈ వెలుతురు సూర్యుడి నుంచి నేరుగా వచ్చేదానికన్నా ఆకాశం నుంచి వచ్చేదే ఎక్కువ.

ఈ రెండో సంగతి దగ్గర కాస్త ఆగాలి. గాలి అణువులు వెలుతురును నలుదిక్కులా చెదరగొడతాయి. తరంగం ఎంత పొట్టిదైతే అంత ఎక్కువగా చెదురుతుంది. ఆకుపచ్చ వెలుతురుతో, అంటే 550 నానోమీటర్లతో పోలిస్తే 310 నానోమీటర్ల అతినీలలోహితం సుమారు పది రెట్లు చెదురుతుంది. అందుకే మన కంటికి సూర్యుడు ఒకచోట మండుతూ, చుట్టూ ఆకాశం చల్లగా నీలంగా కనిపిస్తున్నా, ఆ పొట్టి కిరణాల్లో ఆకాశమంతా తానే ఒక దీపం. గొడుగు పట్టుకున్నా, గోడ నీడన కూర్చున్నా, తల మీద ఆకాశం తెరిచి ఉన్నంతసేపూ అది మన మీద పడుతూనే ఉంటుంది. వేపచెట్టు దట్టమైన నీడకూ, బయట వేసిన ఒంటి తాటాకు పందిరి నీడకూ తేడా ఇక్కడే ఉంది. పందిరి పక్కలన్నీ ఆకాశమే కదా.

1878, 79లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ కోర్న్యూ సూర్యుడి వర్ణపటాన్ని రోజులో వేర్వేరు గంటల్లో ఫోటోగ్రాఫు తీశాడు. అది 300 నానోమీటర్లకు కాస్త అటూఇటూగా కత్తిరించినట్టు ఆగిపోతోంది. పొద్దు వాలేకొద్దీ ఆ అంచు పొడుగు తరంగాల వైపు జరుగుతోంది. అడ్డుపడేది సూర్యుడిలో ఉంటే సాయంత్రానికీ మధ్యాహ్నానికీ తేడా రాదు. కాబట్టి అడ్డు మన గాలిలోనే ఉందన్నాడు. అది ఓజోనని 1881లో డబ్లిన్‌లో వాల్టర్ నోయెల్ హార్ట్‌లీ చెప్పాడు. మార్సెయ్‌లో షార్ల్ ఫాబ్రీ, ఆన్రీ బ్యుయిసన్ 1920 నాటికి దాన్ని జాగ్రత్తగా లెక్కగట్టారు. ఆకాశంలో ఉన్న ఓజోనంతా నేల మీది ఒత్తిడికి తెచ్చి పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మూడంటే మూడు. భూమ్మీది ప్రాణికోటికి ఉన్న కప్పు అంతే.

ఇక దావోస్. సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయకు 1853లో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడు వచ్చాడు. అక్కడివాళ్లలో క్షయ పెద్దగా లేదని గమనించాడు. ఆ కబురు యూరప్ అంతా పాకింది. శతాబ్దం చివరికి కొండవాలు పొడవునా దక్షిణానికి తెరిచిన వరండాలతో శానిటోరియంలు లేచాయి. తోమాస్ మాన్ భార్య 1912లో అక్కడ చికిత్స పొందింది. ఆయన మాయాపర్వతం నవల పుట్టింది అక్కడే. లెయ్‌సాఁ అనే మరో స్విస్ ఊళ్లో ఒగ్యుస్త్ రోలియే 1903లో సూర్యచికిత్స కోసమే ఆసుపత్రి తెరిచాడు. ఆయన పద్ధతిలో మొదటిరోజు పాదాలకు మాత్రమే కొద్ది నిమిషాలు ఎండ తగలాలి; తర్వాత రోజురోజుకూ కాళ్లు, తొడలు, పొట్ట, చివరికి ఛాతీ. ఎంత జాగ్రత్త! కానీ ఆ నిమిషాలన్నీ గడియారం నిమిషాలు. పొద్దున ఎనిమిదింటి అయిదు నిమిషాలూ, పన్నెండింటి అయిదు నిమిషాలూ ఒకటి కావని కొలిచి చెప్పేవాడు అప్పటికి లేడు.

ఆ పనికి వచ్చినవాడు వైద్యుడు కాదు, వ్యాపారి. కార్ల్ డోర్నో 1865లో కోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టాడు. వ్యాపారం చేసి డబ్బు గడించి, నడివయసు దగ్గరపడుతుండగా చదువు మీద మనసై విశ్వవిద్యాలయంలో చేరి డాక్టరేటు తీసుకున్నాడు. కూతురికి క్షయ. ఆమెను దావోస్‌కు తెచ్చాడు. మంచం పక్కన కూర్చున్న తండ్రి చూపు ఆకాశం మీద పడింది. ఇక్కడి ఎండలో ఏముంది, ఎప్పుడు ఎంత ఉంది అని తెలుసుకోవడానికి 1907లో సొంత డబ్బుతో ఒక పరిశీలనాలయం పెట్టాడు. 1911లో కొండల వెలుతురు మీదా గాలి మీదా పెద్ద అధ్యయనం అచ్చు వేశాడు. కాడ్మియం కాంతివిద్యుత్ ఘటంతో అతినీలలోహితాన్ని కొలిచేవాడు. ఆకాశాన్ని ముక్కలుముక్కలుగా, సూర్యుడి దగ్గరా దూరంగా, నడినెత్తినా దిగంతంలోనూ కొలిచిన ఆయన పట్టికలు 1911 నుంచి 1918 వరకు సాగాయి. 1912 జూన్‌లో అలాస్కాలో కాట్మై అగ్నిపర్వతం పేలినప్పుడు దావోస్ ఆకాశం మసకబారడం కూడా ఆ పట్టికలకెక్కింది. మనిషన్నవాడు ఒకే ఊరి ఆకాశాన్ని అంత శ్రద్ధగా చూడటం నాకు తెలిసి అదే మొదలు.

డోర్నో కనుక్కున్నవాటిలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఒకటుంది. సూర్యుడు ఒకే ఎత్తున ఉన్నా, వసంతంలో కన్నా శరదృతువులో అతినీలలోహితం ఎక్కువ. సూర్యుడు అదే, కొండ అదే, మబ్బులేని ఆకాశమూ అదే. మరి తేడా ఎక్కడిది? యూరప్ మీద ఓజోన్ వసంతంలో ఎక్కువగా ఉండి, శరత్తుకు తగ్గుతుంది. ఆయన కొలతల్లో ఓజోన్ ఆ విధంగా ఏటేటా తన జాడ వేసి వెళ్తోంది. ఇంకొకటి: పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండలో వెచ్చదనం ఉన్నా ఆ పొట్టి కిరణాలు దాదాపు ఉండవని, అవి నడిపగటి చుట్టూనే గుమిగూడతాయని ఆ పట్టికలు చూపించాయి. వైద్యుల గడియారానికి అప్పుడు అర్థం వచ్చింది. 280 నుంచి 315 నానోమీటర్ల దాకా ఉన్న భాగాన్ని చాలాకాలం డోర్నో కిరణాలని పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధం, దాని వెంట వచ్చిన ద్రవ్యోల్బణం ఆయన ఆస్తిని తుడిచిపెట్టాయి. పరిశీలనాలయాన్ని మరో సంస్థ చేతుల్లో పెట్టి, 1926 వరకు తానే నడిపించాడు.

దావోస్‌కు గీత గీసినట్టు వెళ్తే డజను కిలోమీటర్లు, మధ్యలో కొండ. అవతల ఆరోసా. జర్మనీ నుంచి ఊపిరితిత్తుల జబ్బుతో ఈ కొండల్లోకి వచ్చిన ఫ్రీడ్రిష్ గోట్స్ 1921లో అక్కడ కాంతి వాతావరణ పరిశీలనాలయం తెరిచాడు. ఊరి వైద్యులకు, ఊరికొచ్చే రోగుల మీద ఆధారపడిన సంఘానికి తమ ఎండ గొప్పదని లెక్కల్లో చూపించుకోవాలని ఉంది. గోట్స్‌కు మాత్రం ఆ ఎండను అడ్డుకునేదాని మీద ధ్యాస. ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ డాబ్సన్ తన ఇంటి వర్క్‌షాపులో ఓజోన్‌ను కొలిచే వర్ణపటలేఖిని తయారుచేశాడని తెలిసి ఆయనతో కలిశాడు. 1926లో ఆరోసాలో ఓజోన్ కొలతలు మొదలయ్యాయి. అక్కడినుంచి తెగని ఆ వరస ప్రపంచంలోనే అతి పొడవైనది.

1929 వేసవిలో గోట్స్ ఉత్తర ధ్రువం వైపు స్పిట్స్‌బెర్గెన్ దీవులకు వెళ్లాడు. అక్కడ పొద్దు గుంకదు. దిగంతం మీద గంటల తరబడి పాకుతుంది. గోట్స్ సూర్యుడి వైపు కాకుండా నడినెత్తిన ఆకాశం వైపు పరికరం తిప్పి, దగ్గరదగ్గరగా ఉన్న రెండు తరంగాలను పోల్చాడు. ఒకటి ఓజోన్ బాగా మింగేది, రెండోది అంతగా మింగనిది. పొద్దు దిగేకొద్దీ పొట్టి తరంగం వాటా తగ్గుతూ పోవాలి కదా. తగ్గింది. ఒకచోట ఆగింది. తర్వాత మళ్లీ పెరిగింది.

ఈ మలుపును నా కళ్లతో చూసిన ఉద్యోగం నాది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పూణేలో డాబ్సన్ స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర పనిచేసినప్పుడు, మబ్బులేని చలికాలపు రోజుల్లో తెల్లవారుజామునే డాబా ఎక్కేవాళ్లం. యంత్రం దాదాపు మీటరున్నర పొడవు. తోపుడు బండి మీద ఉంటుంది. దాన్ని బయటికి తోసి, రేడియో వేళతో వాచీ సరిచేసుకుని, దాని కిటికీని నడినెత్తికి తెరిచిపెట్టాలి. మీటరు ముల్లు సున్నా దగ్గర నిలిచేదాకా పైనున్న డయల్‌ను మెల్లగా తిప్పాలి. నిలవగానే ఒకరు వేళ, అంకె చదువుతారు, పక్కనున్నవారు రిజిస్టరులో రాస్తారు. 311.4, 332.4 నానోమీటర్ల జత అది. సూర్యుడు దిగంతం మీది నుంచి 30 డిగ్రీలు ఎక్కేదాకా ఇదే పని. నడినెత్తిన చిన్న మబ్బుతునక వచ్చి నిలిచినా ఆ పొద్దంతా వృథా. మాకు సూర్యుడితో పనిలేదు, ఆకాశంలో ఆ ఒక్క చోటుతోనే పని.

అంకెలు ఎందుకు మలుపు తిరుగుతాయంటే, నడినెత్తి నుంచి మనకు చేరే వెలుతురు సూర్యుడి నుంచి ఏటవాలుగా వచ్చి, పైన ఎక్కడో గాలి అణువుకు తగిలి, నిలువునా కిందికి దిగినదే. ఓజోన్ పొరకు కిందనున్న గాలిలో తగిలితే, ఆ కిరణం అప్పటికే పొరను ఏటవాలుగా దాటి వచ్చిందన్నమాట. పొరకు పైన తగిలితే, పొరను నిలువునా ఒక్కసారే దాటుతుంది. తడిక గుండా ఓరగా చూస్తే అవతల ఏమీ కనబడదు. ఎదురుగా నిలబడితే సందుల్లోంచి వెలుతురు వస్తుంది. ఇదీ అంతే. సాయంత్రం పొద్దు దిగేకొద్దీ ఏటవాలు దారి అంతకంతకూ పొడుగవుతుంది, ఆ దారిన వచ్చే పొట్టి తరంగం అణగారిపోతుంది. సూర్యుడు దిగంతానికి సుమారు నాలుగు డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి దాదాపు మిగలదు. అప్పుడు మిగిలేది పొర పై అంచున తగిలి నిలువునా దిగిన వెలుతురే. దానిదే పైచేయి అయినచోట అంకె వెనక్కి తిరుగుతుంది. ఉదయం ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. మలుపు ఏ కోణం దగ్గర వచ్చింది, గీత ఎంత వంగింది అన్నదాన్నిబట్టి పొర ఎత్తు లెక్కకట్టవచ్చు. ఈ వెనక్కి తిరగడానికి గోట్స్ జర్మన్‌లో ఉమ్‌కేర్ అని పేరు పెట్టాడు. నేల మీద నిలబడి, బెలూను ఎగరేయకుండా, ఇరవై కిలోమీటర్ల పైనున్నదాని సంగతి తెలుసుకునే ఉపాయం! ఎన్నిసార్లు చేసినా ఆ ముల్లు వెనక్కి తిరిగే క్షణానికి నాకు ఒళ్లు పులకించేది.

అంతవరకు ఓజోన్ 40, 50 కిలోమీటర్ల ఎత్తున ఉంటుందనుకునేవాళ్లు. గోట్స్, మీథమ్, డాబ్సన్ ఆరోసాలో కలిసి చేసిన కొలతలతో 1934లో అది సగటున 22 కిలోమీటర్ల దగ్గర ఉందని ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో ఎరిక్ రెగెనర్, ఆయన కొడుకు విక్టర్ బెలూనులో వర్ణపటలేఖిని పంపి చూస్తే ఆ మాట నిజమేనని తేలింది.

మన దేశానికి ఈ పని త్వరగానే వచ్చింది. డాబ్సన్ 1928 ప్రాంతంలో తన మొదటి పరికరాలను ప్రపంచం నలుమూలలకూ పంపినప్పుడు ఒకటి సుమారు 2,340 మీటర్ల ఎత్తున ఉన్న కొడైకెనాల్ పరిశీలనాలయానికి చేరింది. ఫోటో పలకలను ఓడలో ఆక్స్‌ఫర్డ్‌కు పంపితే అక్కడ కడిగి లెక్కవేసేవారు. యూరప్‌లో రోజుకోరకంగా మారే ఓజోన్ కొడైకెనాల్ మీద తక్కువగా, ఏడాదంతా పెద్దగా మార్పులేకుండా ఉందని తెలిసింది. సూర్యుడు నడినెత్తికి వచ్చే దేశంలో కప్పు కూడా పలచన. దక్షిణాది ఎండ సంగతి మొదటిసారి లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే.

రామన్ శిష్యుడైన కల్పాత్తి రామకృష్ణ రామనాథన్ ఈ పనిని తన జీవితపు పనిగా చేసుకున్నారు. ఆయన, కరందీకర్ కలిసి మన అక్షాంశాల్లో చేసిన ఉమ్‌కేర్ కొలతలను 1949లో ప్రచురించారు. ఇక్కడ పొర ఆరోసాలోకన్నా ఎత్తున ఉంటుందని వాటిలో కనబడింది. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం, అంటే 1957, 58 నాటికి ఈ అంకెల్లోంచి ఎత్తులు రాబట్టడానికి రామనాథన్, దవే రూపొందించిన పద్ధతిని ఇతర దేశాలవాళ్లూ వాడారు. రామనాథన్ అంతర్జాతీయ ఓజోన్ సంఘానికి అధ్యక్షులయ్యారు. మా ఊరి కాలేజీ పిల్లలకు ఈ పేరు చెబితే ఒక్కరికీ తెలియలేదు. నాకు బాధేసింది, ఆ సాయంత్రం అక్కడే కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. వాళ్లకు తెలిసిన హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి కూడా ఓజోన్ కొలిచే పరికరాలు పైకెళ్లాయని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు.

వాళ్లకు మదనపల్లె లెక్క కూడా వేసి చూపించాను. మనకు సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి. గడియారంలో పన్నెండుంపావుకు కాస్త అటూఇటూగా నీడ కాళ్ల కిందికి చేరుతుంది. అతినీలలోహితానికి ఆ రోజు శిఖరం అదే. వడగాడ్పు కొట్టే మూడు గంటలకు అది సగానికి తగ్గి ఉంటుంది. కానీ మనం భయపడేది మూడు గంటలకే, ఎందుకంటే ఒళ్లు మండేది అప్పుడు. ఆగస్టు సంగతి ఇంకా మోసం. చల్లటి గాలి వీస్తుంటుంది, మబ్బులు విడివిడిగా పోతుంటాయి, పొలాల్లో ఆడవాళ్లు తలకు గుడ్డ కూడా లేకుండా కలుపు తీస్తుంటారు. మబ్బు తొలగిన ప్రతిసారీ వాళ్ల మీద పడేది ఏప్రిల్ ఎండకు ఇంచుమించు సమానమైనదే. చల్లగా ఉంది కదాని ఆకాశం తగ్గిందనుకోకూడదని ఊళ్లో ఎవరు దొరికితే వాళ్లకు చెబుతున్నాను.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. స్ట్రెప్టోమైసిన్ వచ్చి శానిటోరియంలు ఖాళీ అయ్యాయి. దావోస్ పైనున్న షాట్సాల్ప్ 1954 నుంచి హోటలు. గోట్స్ అదే ఏడు కన్నుమూశాడు. ఆయన శిష్యుడు హాన్స్ ఉల్రిష్ డ్యుట్ష్ ఆరోసా కొలతలను ఆగనివ్వలేదు, 1956 నుంచి ఉమ్‌కేర్‌ను క్రమం తప్పకుండా తీయించాడు. 1985లో బ్రిటిష్ పరిశోధకులు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికా మీద ఓజోన్ వసంతంలో పడిపోతోందని ప్రకటించింది హాలీ బే కేంద్రంలోని డాబ్సన్ యంత్రాల అంకెలతోనే. రెండేళ్లకు, ఓజోన్‌ను హరించే రసాయనాలను ఆపడానికి మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఆ రసాయనాలు రాకముందు ఓజోన్ ఎలా ఉండేదన్న ప్రశ్నకు 1926 దాకా వెనక్కి వెళ్లి జవాబు చెప్పగలిగింది ఆరోసా రిజిస్టర్లే.

ఉద్యోగం అయిపోయాక జ్యూరిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు కూర్ పట్నం నుంచి ఎర్ర రైలెక్కి ఆరోసా చూసి వచ్చాను. చిన్న ఊరు. చాలామంది మంచు ఆటలకు వచ్చినవాళ్లే. కొత్తగా పడ్డ మంచు అతినీలలోహితంలో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది; అక్కడ నడుస్తుంటే కింద నుంచీ ఒక ఆకాశం ఉన్నట్టే. కొలతల గురించి అడిగితే యంత్రాలను దావోస్‌కు మారుస్తున్నారని చెప్పారు. ఉన్నపళంగా ఎత్తి తీసుకుపోలేదు. స్థలం మారితే అంకె మారకూడదు కాబట్టి, ఏళ్ల తరబడి రెండుచోట్లా ఏకకాలంలో కొలిచి, పోల్చి, తేడా ఎంతో తేల్చుకున్నాకే మార్చారు. గోట్స్ మొదలుపెట్టిన వరస ఇప్పుడు డోర్నో పెట్టిన పరిశీలనాలయం కప్పు మీద సాగుతోంది. 1971 నుంచి ప్రపంచ వికిరణ కేంద్రం ఉన్నదీ అక్కడే. దేశదేశాల్లో ఎండను కొలిచే పరికరాలను సరిచూసేది దాని కొలతతోనే.